గోడ అవతలి సిగ్నల్

హర్ష స్కూటర్ సందు మలుపు తిరిగి కనుమరుగైన చోట మన కథ ఆగింది. "ఇయ్యాల అన్ననో నేనో తేలిపోవాలె" అని వెళ్తూ వెళ్తూ అతను విసిరిన మాట గుమ్మంలో నిలబడ్డ అతని భార్య సంహిత చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. అతను బయలుదేరింది ఆబిడ్స్‌లో అన్న బాలకిషన్ నడిపే స్టేషనరీ దుకాణానికి. అందుకు కారణం వింటే ఎవరైనా నవ్వుతారు. సంహిత లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ నిలవడం లేదు.

అంత చిన్న కారణం ఇంత దూరం ఎలా నడిచిందో తెలియాలంటే ఆ ఇంటి సంగతి కాస్త గుర్తుచేసుకోవాలి. నాంపల్లి స్టేషన్ వెనక సందులోని విఠల్ నివాస్ రెండు వాటాలై, నడుమ గోడ లేచి రెండేళ్ళు దాటింది. కుడి వాటా బాలకిషన్‌ది, ఎడమ వాటా హర్షది. అన్నదమ్ములకు మాటల్లేవు; వాళ్ళకు లేవు కనక తోటికోడళ్ళకూ లేవు. రెండు గేట్ల మధ్య రాకపోకలు సాగించేది తల్లి సౌభాగ్యమ్మ ఒక్కతే. ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు ఇంట్లో ఆమె ఉండేట్టు పెద్దమనుషులు వంతులు కట్టారు. ఈ నెల వంతు పెద్దకొడుకుది.

సంహిత ఇంటి నుంచే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. లక్డీకాపూల్‌లో ఆఫీసున్న ఒక ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థలో ఉద్యోగం. కొన్ని వారాలుగా పాఠం మధ్యలో ఆమె బొమ్మ తెర మీద నోరు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోతోంది. పిల్లలు నవ్వారు, తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. చివరికి సూపర్‌వైజర్ సాయిసుధ నిన్న ఫోన్ చేసి, ఈరోజు నాలుగింటి పాఠానికి తానే కూర్చుంటానని, ఈసారి కూడా తెగితే బ్యాచ్‌ను ఇంకొకరికి అప్పగించక తప్పదని నెమ్మదిగానే చెప్పింది. పెళ్ళయ్యాక వదిలేసిన పాఠాలు చెప్పే పనిని సంహిత ఎన్నో ఏళ్ళకు తిరిగి అందుకుంది. ఈ బ్యాచ్ పోతే మరొకటి ఇస్తారన్న ఆశ లేదు.

ఇంటర్నెట్ కంపెనీ మనిషి వచ్చి చూసి లైన్‌లో లోపం లేదన్నాడు. ఆబిడ్స్‌లో లాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణంవాళ్ళు యంత్రంలోనూ లోపం లేదన్నారు. రెంటిలోనూ లోపం లేదంటే, లోపం మనుషుల్లో ఉందని హర్ష తీర్మానించాడు. అన్న వాటాలోకి కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ వచ్చిన నెలలోనే తమకు ఈ బాధ మొదలైంది. కాబట్టి అన్న సిగ్నల్‌ను అడ్డగించే జామర్ ఏదో పెట్టించి ఉంటాడు. ఆ అనుమానాన్నే స్కూటర్ మీద ఎక్కించుకొని అతను వెళ్ళాడు.

సంహిత గుమ్మం నుంచి లోపలికి వచ్చింది. నాలుగింటికి ఇంకా వ్యవధి ఉంది. కోపం తెచ్చుకోవడం తెలియక కాదు. పిల్లలకు రోజూ చెప్పే మాట ఒకటి ఆమెను ఆపింది. తెలిసినవన్నీ ముందు పెట్టుకోనిదే తెలియనిదాని జోలికి పోకూడదు. గోడవారగా ఉన్న గదిలో కూర్చొని ఆమె తెలిసినవి ముందు పెట్టుకుంది.

లాప్‌టాప్ ఆబిడ్స్ దుకాణంలో చాలాసేపు ఏ అంతరాయమూ లేకుండా పనిచేసింది. ఇదే ఇంట్లో, వంటింట్లో కూర్చున్నప్పుడూ పనిచేసింది. ఈ గదిలోనే తెగుతుంది. తెగి, కొద్ది క్షణాల్లో దానంతట అదే తిరిగి వస్తుంది. పూర్తిగా పోదు. జామర్ అన్నది ఉంటే వచ్చిపోతుందా? ఫోన్‌కు మాత్రం ఏ ఇబ్బందీ లేదని ఇంతకాలం అనుకున్నారు. కానీ ఫోన్‌కు సొంత డేటా ఉంది. వై-ఫై తప్పుకున్న క్షణంలో అది గుట్టుచప్పుడు కాకుండా ఆ డేటాను పట్టుకుంటుంది. అంటే ఫోన్ ఇన్నాళ్ళూ చెప్పిన సాక్ష్యం చెల్లదు.

ఇక మిగిలింది హాల్లో వీధి తలుపు పక్కన ఉన్న రూటర్. దాన్ని ఒకసారి ఆపి, కాసేపు చల్లబడనిచ్చి, మళ్ళీ పెడదామనుకుంది. అందరూ చెప్పే వైద్యం అది. ఇదివరకు పదిసార్లు చేసినదే. కాకపోతే ఇదివరకు చేసినప్పుడల్లా ఆమె రూటర్ దగ్గరే నిలబడి, దీపాలు ఆరిపోవడం, వెలగడం చూసేది. ఈసారి ప్లగ్గు ఊడబీకి, అలాగే వదిలేసి, చల్లబడేలోగా పాఠానికి కావలసిన లెక్కలు చూసుకుందామని గదిలోకి వచ్చింది.

లాప్‌టాప్ మూలన ఇంటర్నెట్ గుర్తు నిండుగా వెలుగుతోంది.

సంహిత వెనక్కి హాల్లోకి వెళ్ళింది. రూటర్ మీద ఒక్క దీపం లేదు. ప్లగ్గు నేల మీద పడి ఉంది. మళ్ళీ గదిలోకి వచ్చింది. లాప్‌టాప్ మాత్రం తాను "విఠల్ నివాస్"తో కలిసి ఉన్నానని చెబుతోంది. ఆ పేరు మామగారిది. ఇల్లు ఒకటిగా ఉన్నప్పుడు రూటర్‌కు పెట్టిన పేరు. ఒక వార్తాపత్రిక పేజీ తెరిచి చూసింది. ఎంచక్కా తెరుచుకుంది.

ప్రాణం లేని రూటర్ పేరు మీద ఇంటర్నెట్ వస్తోంది. ఎక్కడి నుంచి?

ఆమె చూపు తన ఎదుటి గోడ మీదికి వెళ్ళి, అక్కడే నిలిచిపోయింది.

చెప్పులు వేసుకుందో లేదో ఆమెకే తెలియదు. తమ గేటు దాటి, నాలుగు అడుగులు సందులో నడిచి, పక్క గేటు గడియ తీసింది. వాకిట్లో మిరపకాయలు ఎండబెట్టుకుంటున్న సునంద తలెత్తింది. బాలకిషన్ భార్య, మనిషి కాస్త లావు, మాట అంతకంటే ఘాటు.

"అబ్బో! గేటు ఇటు గూడ ఉన్నదని యాదికొచ్చిందా?"

"అక్కా, ఒక్క మాట అడగాలి. త్వరగా వెళ్ళాలి."

"రెండేండ్లకు వచ్చినవ్, వచ్చుడు వచ్చుడే తొందరనా? లోపలికి రా. గీడ నిలవడి మాట్లాడితే గల్లీ అంత ఇంటది."

సంహిత లోపలికి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళు తాను తిరిగిన ఇల్లే. సోఫా మాత్రం కొత్తది. కూర్చోలేదు.

"మీ వై-ఫై పేరేమిటక్కా?"

"ఏంది?"

"మీ ఇంటర్నెట్‌కు ఏం పేరు పెట్టారు?"

"ఎందుకు, గది గూడ వాటాలకు వచ్చిందా?"

"అక్కా, దయచేసి చెప్పు."

ఆ గొంతులోని ఆదుర్దా చూసి సునంద వెటకారం మానుకుంది. "విఠల్ నివాస్. ఇంకేం పెడ్త?"

"పాస్‌వర్డు?"

"పాతదే. మామ పేరు, పుట్టిన సాల్. ఏం, తప్పా? మామ నీకొక్కదానికేనా?"

సంహిత అక్కడే, నేల మీదే కూలబడింది. ముందు భుజాలు కదిలాయి, తరువాత శబ్దం వచ్చింది. సునంద కంగారుగా వంగి చూసింది.

"ఏమైందే? నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

"నవ్వుతున్నానక్కా. ఎందుకు పెట్టావు ఆ పేరే?"

"ఎందుకంటే? అత్తమ్మకోసం. నీ ఇంట్ల నెల ఉండి ఇటు రాంగనే ట్యాబ్‌ల నెట్టు లేదు, నెట్టు లేదని నా పానం తీస్తది. ప్రవచనం సూడకపోతే ఆమెకు అన్నం దిగదు. నెలకోపారి పాస్‌వర్డు కొట్టాలె. ఆమెకు రాదు, నాకు కండ్లు ఆనవు. కనెక్షన్ ఇచ్చేటాయన వచ్చి పేరేం పెట్టాలమ్మా అన్నడు. ఆ దిక్కు ఏమున్నదో గదే పెట్టు, పాస్‌వర్డు గూడ గదే పెట్టు అన్న. ఆమె ఇటొచ్చి ట్యాబ్ తీసిందో లేదో నెట్టు దానంతట అదే తగిలింది. నా అంత అక్కల్‌మంద్, తెలివిగల్ల మనిషి ఎవ్వరు లేరని మస్తు మురిసిన."

"ఆ రూటర్ ఎక్కడ పెట్టారు?"

"అత్తమ్మ మంచం మీద గోడకు. ఆమెకు దగ్గర ఉండాలె గదా."

ఆ గోడకు ఇవతల సౌభాగ్యమ్మ మంచం. అవతల సంహిత బల్ల. సొంత రూటర్ హాలు దాటి వీధి తలుపు దగ్గర ఉంది. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు ఉన్న రెండింటిని లాప్‌టాప్ ఒకటే అనుకుంది. దగ్గరిది బలంగా ఉన్నప్పుడు అటు వెళ్ళింది. కాసేపటికి ఇటు వచ్చింది. వెళ్ళి వచ్చే ఆ క్షణాల్లో పాఠం తెగింది. కాలాన్ని హర్ష సరిగ్గానే పట్టుకున్నాడు. అన్న కనెక్షన్ పెట్టించుకున్ననాడే బాధ మొదలైంది. ఆ రెంటి నడుమ పగను ఊహించడమే అతని పొరపాటు. అక్కడ ఉన్నది ఒక ముసలావిడ ప్రవచనం, ఒక కోడలి ఓపిక.

ఇదంతా సంహిత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెబుతుండగా లోపలి గది నుంచి సౌభాగ్యమ్మ గొంతు వినిపించింది.

"ఎవరే సునందా? చిన్నదాని లెక్క ఇనొస్తున్నది?"

"ఔ అత్తమ్మా, చిన్నదే. నెట్టు మంచిగ వస్తలేదని వచ్చింది."

"మంచిగనే వస్తున్నది గదా! ప్రవచనంల సాములు జర్ర గూడ ఆగుతలేరు."

సంహిత పెదవి కొరుక్కుంది. ఇక చెప్పవలసిన కష్టమైన మాట ఒకటి మిగిలింది. "అక్కా, హర్ష బావగారి దగ్గరికి వెళ్ళారు. మీరు జామరేదో పెట్టారని గొడవ పడటానికి."

"జామర్?" సునంద ఒక్క క్షణం ఆ పదాన్ని నోట్లో తిప్పి చూసింది. "మీ బావనా? పొద్దుగాల ఫోన్ల అలారం మోగితే బంద్ చేసుడు రాక దిండు కింద పెట్టి పంటడు. గాయన జామర్ పెడ్తడా?" నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే వాడిపోయింది. "గింత దూరం ఎట్ల అనుకున్నరే మమ్ముల?"

దానికి జవాబు గోడే. అది ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

"ఇప్పుడేం జెయ్యాలె చెప్పు," అంది సునంద, కొంగుతో ముఖం తుడుచుకొని.

"రెంటిలో ఒకదాని పేరు మార్చాలి."

"నేనైతే మార్చ." ఆ మాట ముందే సిద్ధమై ఉన్నట్టు వచ్చింది. "వాటాలు పంచినప్పుడు మామ పేరున్న బోర్డు మీ దిక్కు పోయింది. పెద్దకొడుకింటికి బోర్డు లేకపాయె. గప్పుడు నేనేమన్న అన్ననా? గిదన్న నా ఇంట్ల ఉండనీ. ఎవ్వరికి కనవడకున్నా సరే, ఉండనీ."

పేరు ముందునుంచీ తమ రూటర్‌దేనని, న్యాయం తమవైపే ఉందని సంహిత అనగలదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. సునంద బోర్డు గురించి ఇంకో మాట అంటుంది, తాను వాళ్ళ వాటాకు పోయిన మెట్ల గురించి అంటుంది, నాలుగైపోతుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ప్రతి తగవూ న్యాయం దగ్గరే మొదలై ఎక్కడికో పోయింది.

"ఉంచుకో అక్కా," అంది. "మాది మారుస్తాను."

తగవుకు నడుం బిగించి నిలబడ్డ సునందకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెల్లగా, "నీ క్లాసు ఎన్నిటికి?" అంది.

"నాలుగింటికి. ఈరోజు తెగితే ఉద్యోగం పోయినట్టే."

"మరి గీడ కూసున్నవేందే! లెవ్వు!" చెయ్యి పట్టి లేపింది. "పా, నేను గూడ వస్త. అత్తమ్మా! నేను చిన్నదాని ఇంటికి పోతున్న. మిరపకాయలు జర సూడు, పావురాలు తొక్కుతయ్!"

సంహిత హర్షకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. సునంద భర్తకు చేసింది. ఆయనా ఎత్తలేదు. "గిరాకీ ఉంటే మీ బావ యముడు ఫోన్ చేసినా ఎత్తడు," అంది సునంద. కానీ ఆమె వేళ్ళు ఫోన్‌ను విడిచిపెట్టలేదు. సంహిత ఒక సందేశం పంపింది: "బావగారి తప్పేమీ లేదు. అక్కదీ లేదు. కారణం దొరికింది. గొడవ పెట్టుకోకండి." అంతకుమించి చెయ్యగలిగింది లేదు. లాప్‌టాప్ ముందు కూర్చుంది.

రూటర్‌కు ప్రాణం పోసి, దాని సెట్టింగులున్న పేజీ తెరిచింది. పేరు అన్నచోట "విఠల్ నివాస్"ను చెరిపేసింది. ఖాళీ గడి ముందు వేలు ఆగింది. ఈ ఇంట్లో బోర్డు మామగారిది, కరెంటు మీటరు హర్షది, గ్యాసు అత్తయ్యది. "సంహిత" అని కొట్టింది. కొత్త పాస్‌వర్డు పెట్టింది. పాత పేరును లాప్‌టాప్ జాబితాలోంచి తీసేసింది. లేకపోతే అది అలవాటు కొద్దీ గోడ దాటుతూనే ఉంటుంది.

"అయిపోయిందా?" అంది సునంద.

"లేదు. ఒకసారి పరీక్షించాలి. అక్కా, హాల్లోకి వెళ్ళి ప్లగ్గు తీసెయ్యి."

"పెట్టుడు గాదు, తీసుడా?"

"తీసెయ్యి."

సునంద తీసింది. లాప్‌టాప్ మూలన గుర్తు మసకబారి, దాని మీద అడ్డగీత పడింది. ఇంటర్నెట్ లేదని తెర మీద రాసి వచ్చింది. ఇంతకాలం ఆ మాట చూసి గుండె దడదడలాడిన మనిషి ఇప్పుడు దాన్ని చూసి రెండు చేతులూ జోడించింది. పోవలసినప్పుడు పోయింది. అంటే ఇక పోకూడనప్పుడు పోదు.

"పెట్టెయ్యి అక్కా! పెట్టెయ్యి!"

నాలుగింటికి పిల్లల ముఖాలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. వాళ్ళ నడుమ ఒక గడిలో సాయిసుధ, కెమెరా ఆన్ చేసుకొని, చేతిలో కలంతో. గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకొని సునంద కాపలా కూర్చుంది, ఇంటర్నెట్ ఆ దారినే పారిపోతుందన్నట్టు. వర్గ సమీకరణాలు. సంహిత మొదటి లెక్క చేసింది. రెండోది మొదలుపెట్టింది. మాట్లాడుతున్న పిల్లవాడి బొమ్మ ఉన్నట్టుండి నోరు తెరిచి బిగుసుకుపోయింది.

సంహిత చూపు తెర మూలనున్న ఇంటర్నెట్ గుర్తు మీదికి పరుగెత్తింది. గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది.

కొన్ని క్షణాలకు ఆ బొమ్మ కదిలింది. "మేడం, మీరు కట్ అయిన్రా?" అన్నాడు భానుతేజ.

"లేదు నాన్నా," అంది సంహిత. ఆ మాట అనడంలోని సుఖం ఆమె గొంతులో దాగలేదు. "నేనిక్కడే ఉన్నాను. కట్ అయింది నువ్వు."

పిల్లలంతా గొల్లుమన్నారు. సాయిసుధ కూడా నవ్వింది. ఆ తరువాత ఏ బొమ్మా ఆగలేదు. పాఠం చివరి లెక్కదాకా, చివరి సందేహందాకా సాఫీగా నడిచింది. ఇన్నాళ్ళూ ఎక్కడ తెగుతుందోనని మాటలను తరుముతూ చెప్పిన పాఠాన్ని ఈరోజు ఆమె తీరిగ్గా, ప్రతి మెట్టు మీదా పిల్లలు అడుగు పెట్టేదాకా ఆగి చెప్పింది. పిల్లలు వెళ్ళిపోయాక సాయిసుధ ఆగింది.

"సంహితగారూ, బ్యాచ్ మీదే. నిజం చెప్పనా, నిన్న రాత్రే ఇంకొకరిని మాట్లాడి పెట్టుకున్నా. వాళ్ళకు సారీ చెప్పేస్తా. మీరు ఇంకో బ్యాచ్ కూడా తీసుకోగలరా? సోమవారం చెప్పండి చాలు."

తెర మూసేసి, సంహిత కుర్చీలో వెనక్కి వాలింది. కిటికీలోంచి నాంపల్లి స్టేషన్ అనౌన్సుమెంటు, ఏదో రైలు ఆలస్యమని, మూడు భాషల్లో వినిపిస్తోంది. అది కూడా ఆమెకు శుభవార్తలాగే తోచింది.

"నువ్వు మంచిగ చెప్తవే," అంది సునంద. "రోజు గోడవతలకెల్లి ఇంటనే ఉంటి. మధ్యమధ్యల సప్పుడు బంద్ అయితుండె. నీళ్ళు తాగుతున్నవేమో అనుకుంటి."

"రోజూ వినేదానివా?"

"మరి? అత్తమ్మ మంచం కాడ పప్పు ఏరుకుంట. గా ఎక్స్ స్క్వేరు నాకు గూడ వచ్చింది, కావాలంటే అడుగు." లేచి కొంగు సవరించుకుంది. "ఛాయ్ పెడ్త. నీ వంటింట్ల చక్కెర డబ్బా పాతకాడనే ఉన్నదా?"

సంహిత తలూపింది. సునంద వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడుతో పాటు, ఫలానాది ఇక్కడెందుకు పెట్టావన్న సణుగుడు కూడా మొదలైంది.

అప్పుడే ఫోన్ మోగింది. హర్ష అనుకొని అందుకోబోయి ఆగింది. తెర మీద బావగారి పేరు. రెండేళ్ళలో మొదటిసారి. ఎత్తింది.

"సంహితా, నేను, బావను." గొంతులో కోపం లేదు. "హర్ష ఈడనే దుకాణంల ఉన్నడు. నీ మెసేజ్ ఇప్పుడే సూసిండు. ఫికర్ చెయ్యకు, ఏం కాలే." ఆయన వెనక ఎవరో పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వు ఎవరిదో పోల్చుకోవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. హర్షది. అలా నవ్వి ఎంతకాలమైంది?

"ఇప్పుడొక పని చెయ్యి. ఆటో పట్టుకొని దుకాణానికి రా. ఒక్కదానివే రా. సునంద ఆడ ఉంటే నేను ఫోన్ చేసిన్నని చెప్పకు. అమ్మకైతే అసలే తెల్వనియ్యద్దు. ఆళ్ళకు తెలిసిందంటే మేమిద్దరం చేసిందంత ఖరాబైతది."

"మీరిద్దరూ ఏం చేశారు బావగారూ?"

"ఫోన్ల చెప్పేది గాదు."

సునంద గరిటె చేత్తో పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది. పాలు పొంగుతున్న వాసన ఆమె వెంటే వచ్చింది. "ఎవరే ఫోన్ల? మీ బావనా?"

సంహిత ఫోన్‌ను చెవికి అదుముకుంది. ఆ సాయంకాలమే దొరికిన అక్క ముఖంలోకి చూడలేక గరిటె వైపు చూసింది.

"రాంగ్ నంబరక్కా," అంది.

"శభాష్," అన్నాడు బాలకిషన్ అవతల నుంచి. "గట్లనే ఉరికి రా."